డబ్బాలో నీళ్లు కలపొద్దు

నాన్నా,

డ్యూటీకి టైమైంది, నిన్ను లేపలేదు. నీ ఎముకల పరీక్షకి మూత్రం పట్టే డబ్బా బాత్రూమ్ కిటికీలో పెట్టాను. లేవగానే మొదటిసారిది పారబోసి, టైమ్ మూత మీద రాయి. అక్కడి నుంచి రేపు అదే టైమ్ దాకా ప్రతిసారీ డబ్బాలోనే పట్టాలి. రేపు లేవగానే వచ్చేది కూడా అందులోకే. పట్టిన ప్రతిసారీ డబ్బాని నల్ల కవర్లో చుట్టి, ఫ్రిజ్ కింది అరలో పెట్టు. రేపు ఏడింటికి రక్తం తీసే అమ్మాయి వస్తుంది. పొద్దున్న మంచినీళ్లు తప్ప ఏమీ తాగకు, కాఫీ కూడా.

ఈసారి మాత్రం నీళ్లు కలపకు. నలభై ఏళ్లు పాలు పోసిన చెయ్యి ఊరుకోదని తెలుసు. కానీ పోయినసారి ల్యాబ్‌లో పట్టేశారు. "మీ నాన్నగారిది పాల వ్యాపారమా అమ్మా?" అని కౌంటర్లో ఆయన అడిగితే తలెత్తలేకపోయాను. నీ ఒంట్లోంచి క్యాల్షియం ఎంత పోతోందో తేలితే గానీ డాక్టరుగారు మందు మొదలుపెట్టరు. ఏడాదిలో రెండుసార్లు మణికట్టు విరిగింది. ఈసారి తుంటి విరిగితే నిన్ను లేపి కూర్చోబెట్టే ఓపిక నాకు లేదు నాన్నా, నిజంగా లేదు.

ఇంకో మాట. మధ్యలో మరిచిపోయి ఒకసారి బయట పోసేస్తే నాకు చెప్పెయ్. పోయినసారి నేను అరుస్తాననే భయంతోనే నీళ్లు పోసి కొలత సరిచేశావని నాకు తెలుసు. ఈసారి అరవను. ఇంకో డబ్బా తెచ్చి అలమరలో పెట్టే ఉంచాను.