బాదం చెట్టు కింద తెల్లచొక్కా

రేపల్లె,
10-2-1996, శనివారం.

మా వీధి రైసుమిల్లు ప్రొప్రయిటరు గారి తెనాలి ఆఫీసులో పెద్ద గుమస్తాగా వెలుగుతున్న అన్నయ్య ప్రభుదాసు గారి సముఖమునకు, రేపల్లె నుంచి చెల్లెలు సుగుణమ్మ ప్రభువు పేరట చేతులు జోడించి వ్రాయు వందనములు. ఇక్కడ మేమందరం క్షేమము. అక్కడ తమరు, జ్ఞానమ్మ వదిన క్షేమమని తలుస్తాను. వదినకు మోకాలి నొప్పి తగ్గినదీ లేనిదీ తెలియజేయగలరు.

మర్యాద ఇంతటితో అయిపోయింది అన్నయ్యా. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, రెండో పేజీ దాకా ‘తమరు’ని మోయడం నావల్ల కాదు. ఇక నువ్వు అనే అంటాను.

నీ ఉత్తరం, దానికి గుండుసూదితో గుచ్చిన టైపు కాగితం మొన్న గురువారం మిల్లు మేస్త్రీ బాబూరావు తెచ్చి ఇచ్చాడు. కాగితంలో ఏముందో నీకు తెలుసు, కొట్టించింది నువ్వే కాబట్టి. అయినా నేను పూర్తిగా చదివానని నీకు తెలియాలిగా. సుగుణమ్మ అనే నేను, చిలిపితనం కొద్దీ మా పొయ్యిలో బూడిద తీసుకెళ్ళి చెట్టు మీద దాచి, తనిఖీకి వచ్చిన ఆఫీసరు గారి నెత్తిన పోశానట. మిల్లు పొగ వల్ల మా వీధికి ఏ ఇబ్బందీ లేదట. నన్ను క్షమించాలట. వచ్చే మంగళవారం ఆఫీసరు మళ్ళీ వస్తాడనీ, ఈ కాగితం ఫైల్లో ఉంటే రెండో బాయిలరుకు అనుమతి వచ్చేస్తుందనీ, లేకపోతే ప్రొప్రయిటరు దగ్గర నీ పరువు పోతుందనీ రాశావు. సంతకం పెట్టకపోతే వీధికి ఊరికే ఇస్తున్న ఊక కూడా ఆపేస్తామని బాబూరావు నోటితో చెప్పాడు.

నేను సంతకం పెట్టను.

ఆ ముక్క ముందే రాసేశాను. తక్కింది చదివే ఓపిక లేకపోతే ఇక్కడే మడిచి జేబులో పెట్టుకో. చదివితే మాత్రం మొత్తం చదువు.

చిలిపితనం లేదని నేను ఒట్టు వేయను. సండేస్కూల్లో నీ నిక్కరు జేబులో బతికున్న పీతను వేసింది నేనే. నీ పెళ్ళినాడు ప్రార్థన మధ్యలో నీ కొత్త జోళ్ళు మాయం చేసి హార్మోనియం పెట్టెలో పెట్టిందీ నేనే. ఇప్పుడు నాకు నలభై ఆరేళ్ళు. బుద్ధి రాలేదు. కానీ నలభై ఆరేళ్ళలో నేను చేసిన అల్లరి ఎప్పుడూ ఒకళ్ళ చేత టైపు కొట్టించి చేయలేదు.

మా వీధి సంగతి నువ్వు మర్చిపోయావేమో. మిల్లు గోడ పక్కన మొదటి ఇల్లు కొండమ్మది, రెండోది మాది. ఆ పొగగొట్టం చూడ్డానికి పొడుగే గాని, గాలి ఇటు తిరిగితే పొగంతా మా చూరు మీదికే దిగుతుంది. ఉతికిన బట్ట ఆరేలోపు మళ్ళీ మాసిపోతుంది. అడవులదీవి నుంచి చేపల గంపతో వచ్చే రత్తాలు మా వీధి మొదట్లోనే గంప మీద తడిగుడ్డ కప్పేస్తుంది. మీ వీధిలో చేపలకి మసాలా నూరుకోనక్కర్లేదే సుగుణమ్మా, మిల్లోళ్ళే పైనించి చల్లి పంపుతున్నారు అని ఎగతాళి. నవ్వేవాళ్ళం. పన్నెండేళ్ళు నవ్వాం.

ఎందుకు నవ్వామో కూడా చెబుతాను. ఎనభై మూడులో ఈ పొగ మీద వీధంతా కలిసి అర్జీ పెడతామని లేచాం. మర్నాడే మిల్లు నుంచి ఇంటింటికీ గోనెడు ఊక వచ్చింది. ఆదివారం ఆదివారం ఇస్తామన్నారు. పుల్లలు ఏరుకునే బాధ తప్పిందని ఆడవాళ్ళమంతా మురిసిపోయాం. ఇంటింటా ఊక పొయ్యి వెలిసింది. అర్జీ కాగితంతోనే నేను మొదటి పొయ్యి అంటించాను. బాగా అంటుకుంది.

మీ బావ అప్పటికే పగలంతా బాయిలరులో ఊక ఎగదోసి ఆ పొగ పీల్చేవాడు. ఆ రోజు నుంచి ఇంటికొచ్చి నా పొయ్యి పక్కన పీట వేసుకుని ఈ పొగ పీల్చేవాడు. ఆ ఉద్యోగం డెబ్భై నాలుగులో ఇప్పించింది నువ్వే. నిన్ను తప్పు పట్టడం లేదు. ఆ రోజు కోడిని కోసి నీకు భోజనం పెట్టినదాన్ని నేనే.

పోయిన ఆగస్టు సంగతి నీకు వివరంగా ఎవరూ చెప్పలేదు. నువ్వు వచ్చి రెండు ఆపిల్ పళ్ళు పెట్టి, మంచం దగ్గర పావుగంట కూర్చుని రైలుకి టైమైందని వెళ్ళిపోయావు. ఇప్పుడు విను.

ఆదివారం పొద్దున, చర్చికి బయల్దేరుతున్నాం. ఆయన తెల్లచొక్కా వేసుకుని గుండీ పెట్టుకుంటున్నాడు. వేలు గుండీ మీదికి వెళ్తోంది, జారిపోతోంది. నా వైపు తిరిగాడు. మూతి ఒక పక్కకి వంకర. ఏదో అన్నాడు, మాట ముద్దముద్దగా వచ్చింది. నేనేం చేశానో తెలుసా అన్నయ్యా? నవ్వాను. ఇన్నేళ్ళూ నేను ఆటపట్టిస్తుంటే ఇవాళ ఈయన బదులు తీర్చుకుంటున్నాడనుకున్నాను. చాల్లే, ఇక ఆపు, నా దగ్గర నేర్చుకుని నా మీదే ప్రయోగమా అన్నాను. ఆయన పడిపోయేదాకా నవ్వుతూనే ఉన్నాను.

తర్వాత చేసింది ఇంకా ఘనకార్యం. గాలి సోకింది, ఇంకో పిసరు గాలి తగిలితే మనిషి దక్కడు అన్నారు వీధిలో. కిటికీలు మూసేశాం. దుప్పటి కప్పాం. వెచ్చగా ఉండాలని మంచం పక్కనే ఊక పొయ్యి రాజేశాం. ఎవరో పావురాన్ని తెచ్చారు, దాని రక్తంతో మర్దనా చేశారు. రోజంతా ఆ గదిలో పొగలో పెట్టాం మనిషిని. ఏ పొగ లోంచి లాగాలో ఆ పొగలోనే ఊరబెట్టాం. సోమవారం తెనాలి రైలు అందక, బాపట్ల బస్సు కనిపిస్తే అందులో ఎక్కించాం.

బాపట్లలో డాక్టరమ్మ చిన్నపిల్ల. నన్ను తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. తాగుతాడా అంది. లేదండి. చుట్ట, బీడీ? ఎప్పుడూ లేదండి, పాస్టరయ్యగారన్నా ముక్కుపొడుం పీలుస్తారేమో గాని ఈయనకి అదీ లేదండి అన్నాను. పనేంటి అంది. చెప్పాను. ఇంట్లో వంట దేని మీద అంది. అదీ చెప్పాను, తల దించుకునే చెప్పాను. అప్పుడు ఆమె అన్నది అన్నట్టే రాస్తున్నా. ఇది గాలి సోకడం కాదమ్మా, మెదడుకి వెళ్ళే రక్తనాళం మూసుకుపోయింది. ఆయనకి బీపీ ఉంది, ఎప్పుడూ చూపించుకోలేదు. ఒక్క పొగే చేసిందని నేను రాసివ్వలేను. కానీ ఇరవై ఏళ్ళకు పైగా రోజూ పొగా నుసీ పీలిస్తే పాడయ్యేది ఊపిరితిత్తులొకటే కాదమ్మా, రక్తనాళాలు కూడా. పెద్ద ఊళ్ళలో దీని మీద లెక్కలు తీస్తున్నారు అంది.

పెద్ద ఊళ్ళలో తీస్తే మనూళ్ళో ఎందుకు తీయకూడదని ఇంటికొచ్చి నేనూ తీశాను. నాకు వచ్చిన పద్ధతిలో తీశాను. ప్రభు భోజనం ఇచ్చే ఆదివారం, చర్చికి నడవలేనివాళ్ళ ఇళ్ళకి పాస్టరయ్యగారు గిన్నె పట్టుకుని వెళ్తారు కదా. ఆయన వెనకే నడిచాను. మా వీధిలో ముప్ఫై గడప. అయ్యగారు ఐదు గడపలు ఎక్కారు. ఐదుగురికీ పక్షవాతమే, ముగ్గురికి యాభై కూడా నిండలేదు. కాలవ అవతల వీధిలో నలభై గడప. అక్కడ ఒక్క ఇంటికే ఎక్కారు, ఆ ముసలాయనకి ఎనభై రెండు. ఇది పెద్ద చదువు కాదని నాకూ తెలుసు. కానీ నువ్వు గుమస్తావి, ఈ లెక్కలో తప్పెక్కడుందో ఎర్రసిరాతో గీత గీసి పంపు.

ఊక తీసుకోవడం మానేశాను. పొయ్యిని పెరట్లో గాలికి పెట్టాను. డాక్టరమ్మ చెప్పినట్టు బాదం చెట్టు అడ్డకొమ్మ మీదుగా తాడు వేసి, ఒక కొస ఆయన కుడిమణికట్టుకి కట్టాను, రెండో కొస నేను పట్టుకుని ఆ చచ్చిన చేతిని రోజూ పైకీ కిందికీ లాగాలని. ఆ చేయి ఇక రావడం కష్టమనే చెప్పారు. అయినా పొద్దునా సాయంత్రం మంచం చెట్టు దగ్గరకి లాగి కూర్చోబెడుతున్నా.

ఇక ఆఫీసరు వచ్చిన మంగళవారం. ముందు రోజే బాయిలరు ఆపేశారు. గోడలకి సున్నం కొట్టారు, వీధిలో నీళ్ళు చల్లారు, చివరికి మా కొండమ్మ మేకను కూడా కడిగారు. ఆఫీసరు తెల్లచొక్కాలో జీపు దిగి, పొగేదీ, వీధి శుభ్రంగానే ఉందే అన్నాడు. పాపం, ఆయన తప్పేముంది. కూర్చోండి సార్, ఎండన పడి వచ్చారు అని కుర్చీ వేశాను. ఎక్కడ వేశానో వేరే రాయక్కర్లేదు. బాదం ఆకు విస్తరాకంత వెడల్పు. పొద్దున మంచుకి తడిసి నుసి పట్టుకుంటుంది, పదకొండింటికి ఎండి పిండిలా నిలుస్తుంది. వీధి కడిగిన మహానుభావులు తలెత్తి చెట్టు చూడలేదు.

మజ్జిగ గ్లాసు ఆయన చేతికి అందిస్తున్నాను, కొమ్మ ఊగి నుసంతా పైనించి దిగింది. తెల్లచొక్కా, తల, మీసం, మజ్జిగ, అన్నీ ఒకే రంగు. బాబూరావు పరిగెత్తుకొచ్చి ఇది వాళ్ళ పొయ్యిలో బూడిద సార్ అని గోల. మా పొయ్యిని చెట్టెక్కించిన నిచ్చెన ఎక్కడుందో నువ్వే వెతికి పెట్టు నాయనా అన్నాను. ఎవరు చేశారని అరిచాడు. వీధంతా నా వైపే చూసింది. నేనే అన్నాను. ఆఫీసరు మాత్రం కోప్పడలేదు. భుజం మీద నుసిని రెండు వేళ్ళతో నలిపి చూశాడు. ఇదెన్నాళ్ళదమ్మా అన్నాడు. క్రిస్మస్ తర్వాత వాన పడలేదండి, నెల రోజుల పంటండి అన్నాను. జేబులో కవరు తీసి కాస్త అందులో వేసుకున్నాడు. దుమ్ము పట్టే యంత్రం ఏది అని బాబూరావుని అడిగాడు. గొడౌనులో గోనెలు కప్పుకుని పడుకుందండి, మూడేళ్ళయింది అని జవాబు చెప్పింది నేనే. మీ బావ చెప్పగా నాకు తెలుసు.

అదీ మీ ప్రొప్రయిటరు భయం. యంత్రాన్ని లేపి పొగగొట్టానికి బిగించమను. ఇద్దరు మనుషులు, నాలుగు రోజుల పని. బిగించాక రెండో బాయిలరు కాదు, పదో బాయిలరు పెట్టుకోమను, నేనే వెళ్ళి కొబ్బరికాయ బదులు ప్రార్థన చేయించి వస్తాను. బిగించకుండా మంగళవారం పొగ లేదని కాగితం చూపిస్తే మాత్రం, ఐదు మంచాలూ మోయించుకొచ్చి జీపు ముందు పెడతాను. అయ్యగారికి కూడా చెప్పేశాను. గిన్నెతో సహా వస్తానన్నారు.

నీ టైపు కాగితం వెనక్కి పంపుతున్నాను. చింపలేదు. నిన్న పొద్దున పెరట్లో బండ మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు గులకరాళ్ళు పెట్టాను. సాయంత్రం మడిచి తెచ్చాను. విప్పేటప్పుడు జాగ్రత్త, వదిన ఇప్పుడే ఊడ్చి ఉంటుంది. నాలుగు గుండ్రటి తెల్లమచ్చలు కనిపిస్తాయి, అవి రాళ్ళు ఉన్న చోట్లు. మిగతా అంతా మీ మిల్లు పెట్టిన సంతకం. నా సంతకం కన్నా అదే పెద్దది. ఫైల్లో పెట్టుకోండి.

నీ పరువు గురించి నాకు దిగులు లేదనుకోకు. ఉంది. అందుకే నువ్వే మంగళవారం పొద్దున రైలుకి రా. తెల్లచొక్కా వేసుకుని రా. కుర్చీ వేస్తాను.

నీ పీతల చెల్లెలు,
సుగుణమ్మ

తా.క.: కవరు అంటించబోతూ మళ్ళీ విప్పాను. ఒక అబద్ధం మిగిలిపోయింది. కుర్చీ వేసింది నేనే, కానీ తాడు లాగింది నేను కాదు. మజ్జిగ ఇచ్చి వెళ్ళి లాగుదామనుకున్నాను. నేను ఇటు తిరిగేలోపే కొమ్మ కదిలింది. తాడు రెండో కొస చెట్టు మొదలుకి కట్టేసి ఉంది, మంచం మీద మీ బావ ఒక్కడే ఉన్నాడు. ఆయన ఎడమచేతిలో టీ గ్లాసు ఉంది, అంతకుముందే నేను పెట్టింది. ఒక్క చుక్క కూడా తొణకలేదు. తాడు కట్టింది కుడిచేతికి, ఇక రాదన్న చేతికి. ఆరు నెలల్లో అది చేసిన మొదటి పని అదే.

జీపు వెళ్ళాక దగ్గరికి వెళ్ళాను. మూతి వంకరగానే ఉంది, నవ్వాడు. చాలా? అన్నాడు. మాట స్పష్టంగానే వచ్చింది.

చాలదన్నాను.