మోతీ ఇంటి నేల

ఏవండీ,

మీ సంవత్సరీకానికి వచ్చిన మీ తమ్ముడు, అన్నయ్య పేరు మీదంటూ మన మోతీకి పెరట్లో ఇల్లు కట్టించాడు. నేలకి తన బాత్రూమ్‌లో మిగిలిపోయిన నున్నటి టైల్స్ వేయించాడు. ముసలి కుక్క, వెనక కాళ్లు నిలవవు, జారుతుందన్నాను.

"ఏటొదినా, కుక్కకి కూడా నీ లెక్కలేటి? చూడు, ఎంత దర్జాగా ఉందో!" అని ఫోటోలు తీసుకున్నాడు.

మోతీ లోపలికెళ్లి కాళ్లు జారి పడింది. లేవలేక, పడిన చోటే తడిపేసుకుంది. అయ్యగారు ముక్కు మూసుకుని కారెక్కారు. మీ మీద ప్రేమ అంతవరకే.

మర్నాడే మేస్త్రీని పిలిచి ఆ టైల్స్ పగలగొట్టించాను. నీళ్లు నిలవకుండా వాలు పెట్టించి, గరుకుగా సిమెంటు చేయించాను. చలికి పైన ఏదైనా పరవాలి. గోనె తడిస్తే ఆరదు, గడ్డిలో పురుగు చేరుతుంది. చివరికి, డ్యూటీ నుంచి వచ్చి మీరు దాని మీద బూట్లు విప్పేవారే, గుమ్మం దగ్గరి ఆ మందపాటి రబ్బరు ముక్క, మీ ఫ్యాక్టరీ కన్వేయర్ బెల్టుది, అది తీసి వేశాను. మోతీ దాన్ని చాలాసేపు వాసన చూసి, పడుకుంది.

గుమ్మం దగ్గర ఆ ముక్క ఉన్నంత మేర నేల కొత్తగా ఉంది. అక్కడ ఇంకేమీ పరవలేదు.