అద్దంలో బతుకమ్మ అడుగు

ఆదివారం రాత్రి, తాండూరు

డాన్స్ క్లాసులో మొదటిరోజు. అందరూ కాలేజీ పిల్లలే, నలభై దాటింది నేనొక్కదాన్నే. గోడంతా అద్దం. మాస్టరు కొరియా పాటల తరహా స్టెప్పు చూపించి పాట పెట్టగానే నా కాళ్లు వాటంతటవే కుడివైపుకు నడిచాయి. చప్పట్లు కొడుతూ, వంగి లేస్తూ వెళ్లి పక్కనున్న అమ్మాయిని గుద్దేశాను. పాటంటే బతుకమ్మ చుట్టూ తిరగడమే కదా నాకు తెలిసింది.

మాస్టరు నవ్వలేదు. "అక్కా, గా వంగుడు మల్ల జర చెయ్యి. మన స్టెప్పుల కలుపుదం. తిరుగకు, అద్దంల చూసుకుంట చెయ్యి" అన్నాడు.

చేస్తూ చేస్తూ ఆగిపోయాను. బతుకమ్మ ఆడుతుంటే ఎదురుగా పూలు కనిపిస్తాయి, ఎదుటివాళ్లు కనిపిస్తారు. ఆడుతున్న నన్ను నేను ఇన్నేళ్లలో ఎప్పుడూ చూసుకోలేదు. ఇంత బాగుంటానా?

ఇంట్లో మాత్రం మోకాళ్ల నొప్పికి ఎక్సర్‌సైజని చెప్పాను. ఇందాక అన్నం తింటూ అత్తమ్మ అడిగింది, "మోకాళ్లకు జర నయమైందా బిడ్డా?" అయిందన్నాను.

"గట్లయితె వచ్చే ఐతారం నన్ను గూడ తోల్కపో."

మా ఊరు నవాబుపేటలో ఏటా బతుకమ్మ పాట ఎత్తుకునేది ఆవిడే. ఆడుతుంటే ఆవిడా తనను తాను ఎప్పుడూ చూసుకుని ఉండదు.