కొబ్బరికాయ కుస్తీ

ఆదివారం, గద్వాల

కుస్తీ నేర్పే తాలీం గోడ మీద జాతర కుస్తీల్లో గెలిచిన ఆడవాళ్ల పేర్లు రాయిస్తున్నారు. మొట్టమొదటి ఏడాది గెలిచింది నేను. నా పేరే లేదు! అడిగితే తాలీం నడిపే ఉస్తాద్ నవ్వాడు.

"గా ఏడు మీకిచ్చిన ఇనాం కొబ్బరికాయనే గదమ్మా. కొబ్బరికాయంటే పిల్లల కుస్తీ. వెండి కడెం ఇచ్చినకాడి నుంచే రాస్తున్నం."

కడెం ఇవ్వనిది వాళ్లు, లెక్కలోకి రానిది నేనా? ఒళ్లు మండింది. ఆనాడు నా చేతిలో ఓడిన బిజినేపల్లి మణెమ్మకు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికల్లా బస్సు దిగింది. ఉస్తాద్ ముందు నిలబడి, వంకరగా అతుక్కున్న మోచెయ్యి చాపింది.

"గీ బొక్క ఇరిగింది గా కుస్తీలనే. పిల్లల కుస్తీల గిట్ల ఇరుగుతదా ఉస్తాద్? ఈమె పేరు రాయిండ్రి. పక్కన ఓడింది నేనని నా పేరు గూడ రాయిండ్రి."

ఇన్నేళ్లలో ఆ చెయ్యి ఎలా ఉందని నేను ఒక్కసారైనా అడిగానా? లేదు.

"సూద్దాం తియ్" అన్నాడు ఉస్తాద్. పెయింటర్ డబ్బా మూత పెట్టబోయాడు. మణెమ్మ ఆ వంకర చేత్తోనే అతని మణికట్టు పట్టుకుంది.

ఆ పట్టు నాకు తెలుసు. అంత తేలిగ్గా వదలదు.