ఒక్కరికి సరిపడా కూర

సూరిబావా,

నా రాత కోడి గెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి, సర్దుకుని చదువు. నువ్వు పోయి నేటికి ఏడాది.

బెల్లం మార్కెట్ దగ్గర పార్వతమ్మ కర్రీ పాయింటు పెద్దదైంది. సాయంత్రమైతే మనలాంటి ఒంటరివాళ్ళే బారులు. కంపెనీల్లో చేసే ఆడపిల్లలూ వస్తున్నారు. అన్నీ ఒక్కరికి సరిపడా పొట్లాలే.

నువ్వు అద్దె గదిలో పోయిన సంగతి ఆ ఇంటివాళ్ళకే తెలియలేదు. రెండు రోజులుగా కూరకి రాలేదని తలుపు తీయించింది పార్వతమ్మే. అప్పట్నుంచి అందరికీ ఒకటే మాట.

"రేపు రాకపోతే ఇయాలే సెప్పీండి. సెప్పకుండా మానేసేరంటే తలుపు బద్దలు కొట్టించేత్తాను!"

"నేను పెళ్ళి సేసుకుని ఎలిపోతేనో?" అంది ఒక పిల్ల.

"పప్పన్నం పెట్టి ఎల్లు!"

పదిమందిలో నాకు నోరు పెగలదని నీకు తెలుసు. అయినా రోజూ "రేపు వత్తానమ్మా" అని గట్టిగానే చెబుతున్నాను. ఆకలి లేని రోజు కూడా వెళ్ళి చెబుతున్నాను.

తొందరగా జవాబు రాయి, బావా.

నీ అప్పలరాజు