మహారాణి చూడితోనే ఉంది

అయ్యా,

విషయం: చూడి పరీక్షలో నేను తప్పు చెప్పానన్న తీర్పు గురించి, ఏ తప్పూ చేయని ఆవును లారీ ఎక్కించబోవడం గురించి.

పశువైద్య కళాశాల ప్రధానాధికారి గారి సముఖమునకు ఆఖరి సంవత్సరం విద్యార్థిని విన్నవించుకొనునది ఏమనగా:

1. గత సోమవారం జరిగిన ప్రయోగ పరీక్షయందు నాకు మహారాణి అను ఆవును కేటాయించడమైనది. మహారాణి మన కొట్టంలో పాతకాపు. లోపలికి చెయ్యి పెట్టి చూడి చూడడం ప్రతి బ్యాచీ నేర్చుకున్నది దానిమీదే. పరీక్షకు ముందు సీనియర్లు జూనియర్లకు జవాబు అప్పజెప్పి పోవడం ఇక్కడి ఆనవాయితీ. "మహారాణి పడితే బుర్ర పాడుచేసుకోకు. ఖాళీ అని చెప్పి చెయ్యి కడుక్కో" అంటారు. ఈ సంగతి తమరికి తెలియదని నేననుకోను. తమరూ ఇక్కడే చదివారు.

2. నేను పొట్టిదాన్ని కనుక బకెట్ బోర్లించి దానిమీద నిలబడ్డాను. పరీక్షకులు గారు "దిగమ్మా, పడతావ్. అక్కడేం లేదులే" అన్నారు. దిగలేదు. భుజం దాకా చెయ్యి పెట్టాను, నా చెంప ఆవు తొడకు ఆనింది. గర్భసంచి కిందికి, పొట్టలోకి జారిపోయి ఉంది. ఐదో నెల ప్రాంతంలో అలాగే జారుతుంది, పైపైన తడిమితే ఏమీ దొరకదు. సంచి గోడకు గుండీల్లాంటి గడ్డలు తగిలాయి. పక్కన రక్తనాళం వేళ్ల కింద ఝుమ్మని కొట్టుకుంటోంది. "చూడితో ఉందండీ" అన్నాను. ఆయన నవ్వారు. "ఇన్నేళ్లూ చూడి కట్టని ఆవు నీకోసం కట్టిందా?" అని, తాను చెయ్యి పెట్టకుండానే ఫెయిల్ వేశారు. ఆయన చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు.

3. ఎలా కట్టిందని తమరు అడగవచ్చును. మూడో సంవత్సరం వాళ్లు చూడి కట్టించే సూది వేయడం నేర్చుకున్నదీ మహారాణి మీదే. వీర్యం చచ్చిపోయిందని పక్కన పడేసిన గొట్టాలను వాళ్ల చేతికిచ్చారు. అందులో ఒకటి చావలేదు, అంతే. ఆ మాట ఒప్పుకుంటే తప్పు గొట్టాలు పడేసిన వారి మీదికి పోతుంది కనుక ఎవరూ ఒప్పుకోరు.

4. తప్పు చెప్పానని రాసిస్తే గ్రేస్ మార్కులతో గట్టెక్కిస్తామని ఆఫీసు నుంచి కబురు వచ్చినది. మా నాన్న దర్జీ. ఆయన కూడా ఫోన్లో "సంతకం పెట్టేసి బయటపడు తల్లీ, నీ సొమ్మేం పోయింది?" అన్నాడు.

"కొలత నువ్వు తీశావు. టేపు ముట్టుకోనివాడొచ్చి తప్పంటే, వాడు చెప్పిన కొలతకే కుడతావా నాన్నా?" అన్నాను.

మిషను చప్పుడు ఆగింది. తర్వాత "కుట్టను. సరేలే, వేళకి తిను" అని పెట్టేశాడు.

అయ్యా, మనుషుల డాక్టరు సీటు రాక ఇక్కడ చేరానని మా పిన్ని ఇప్పటికీ జాలిపడుతుంది. చేరినప్పుడు అది నిజమే. ఇప్పుడు ఆ సీటు పిలిచి ఇచ్చినా నాకు అక్కర్లేదు. మనిషి అయితే తన బాధ తాను చెప్పుకుంటాడు. మహారాణి సంగతి చెప్పడానికి నా చెయ్యి తప్ప మరేమీ లేదు. ఆ చేత్తోనే అది అబద్ధమని సంతకం పెట్టమంటున్నారు. పెట్టను.

5. వచ్చే శుక్రవారం గొడ్డు ఆవుల వేలం ఉన్నది. మహారాణినీ అందులో చేర్చడమైనది. కొనేవాడు పాల కోసం కొనడని తమరికి వేరే చెప్పనక్కరలేదు.

కావున మహారాణిని వేలం నుండి తప్పించి, పరీక్షకులు గారు గానీ తమరు గానీ స్వయంగా చెయ్యి పెట్టి చూడవలసినదిగా ప్రార్థన. నా మార్కుల మాట ఆ తర్వాత చూసుకుందాం. గ్రేస్ మాత్రం నాకు వద్దు.

కోపంగా ఉన్నా క్రమం తప్పకుండా రాశాను, చిత్తగించవలెను.

తమ విధేయురాలు (సంతకం విషయంలో తప్ప),
ఆఖరి సంవత్సరం విద్యార్థిని
(హాస్టల్లో పొట్టి డాక్టరంటే ఎవరైనా చూపిస్తారు)

తా.క.: శుక్రవారం లారీ వచ్చే వేళకు కొట్టం గేటుకు అడ్డంగా ఆ బకెట్టే బోర్లించుకుని కూర్చుంటాను. కాలేజీ బకెట్టు వాడుకున్నందుకు మెమో ఇవ్వదలిస్తే అక్కడికే పంపించండి. ఈ అర్జీకి ఒక పొడుగు గ్లవ్ జతపరిచాను, ఏ చేతికైనా పడుతుంది. తమరి చేతికీ ఖాళీ అనే తగిలితే అక్కడికక్కడే సంతకం పెట్టేస్తాను. కానీ చొక్కా విప్పి రండి సార్. మణికట్టు దగ్గర ఆగిపోయేవాళ్లకి ఏ ఆవైనా ఖాళీగానే ఉంటుంది.