ఉప్పు దగ్గర మొదలైన గొడవ

క్యారీ, అమెరికా,
గురువారం

నాన్నా దివాకర్,

ఉమతో గొడవపడటం వల్లే నాకు స్ట్రోక్ వచ్చిందని నిన్న ఫోన్‌లో ఎవరికో చెప్తున్నావు. తప్పు. గొడవలతో స్ట్రోక్ వచ్చేదైతే మీ నాన్నతో కాపురానికి వచ్చిన మొదటి ఏడే పోయేదాన్ని. మెదడులో రక్తనాళానికి గడ్డ అడ్డుపడింది. ఆ గడ్డకి నీ పెళ్లాం పేరు పెట్టకు.

ఒకే ఇంట్లో ఉండి ఉత్తరమేమిటంటావేమో. నా మాట ఇంకా ముద్దముద్దగానే వస్తోంది. నేను సగం చెప్పేలోపు మిగతా సగం నువ్వు పూర్తి చేస్తున్నావు, అదీ నేను అనబోయేదానికి సరిగ్గా వ్యతిరేకంగా. కాగితం మీదైతే నీకు ఆ అవకాశం లేదు.

ఆ రోజు నువ్వు సియాటిల్ విమానంలో ఉన్నావు. పప్పులో ఉప్పు లేదని నేను, మీ బీపీకి అదే ఎక్కువని ఉమ, బాగానే అరుచుకున్నాం. కాసేపటికి మజ్జిగ తాగబోతే పెదవి ఎడమ మూలనుంచి కారిపోయింది. ఎడమ చెయ్యి లేవలేదు.

"అత్తయ్యా, ఒకసారి నవ్వండి" అంది ఉమ, మూతి వంకర పోయిందేమో చూడ్డానికి.

"నీ వంట తిన్నాకా?" అన్నాను. అది నా చెవికే తెలుగులా వినిపించలేదు. పడుకుంటే తగ్గుతుందని సైగ చేశాను. వినలేదు, 911కి ఫోన్ చేసింది.

ఆస్పత్రిలో అందరిదీ ఒకటే ప్రశ్న: ఈవిడ ఆఖరిసారి మామూలుగా ఎప్పుడున్నారు? అది తేలితే తప్ప గడ్డ కరిగించే మందు ఇవ్వరట. ఇంకో కోడలైతే పరువు కోసం నీళ్లు నమిలేది. ఉమ మాత్రం, "నన్ను తిడుతున్నప్పుడు. ఒక్క అక్షరం తడబడలేదు. మధ్యలో మా ఆడపడుచు మనీషా కాల్ చేస్తే కట్ చేశాను, టైం ఫోన్‌లో ఉంది చూడండి" అని చెప్పేసింది.

స్కాన్‌లో రక్తస్రావం లేదన్నారు. మందు ఇస్తే దానివల్ల రక్తస్రావం కావచ్చనీ అన్నారు. నీ ఫోన్ కలవలేదు. ఎవరు డిసైడ్ చేస్తారని డాక్టర్ అడిగితే ఉమ నన్ను చూపించి, "ఆవిడే. నాకన్నా మంచి ఇంగ్లిష్ వచ్చు" అంది. తల ఊపింది నేను. జీవితమంతా ఫిజిక్స్ పాఠాలు చెప్పినదాన్ని, ప్రమాదమేమిటో తెలిసే ఊపాను.

నువ్వు మర్నాడొచ్చి, నా మంచం పక్కనే నిలబడి, "నన్ను అడక్కుండా ఎలా ఒప్పుకున్నావ్?" అని ఉమని నిలదీశావు. నన్ను అడగాలని నీకు తోచలేదు. చెయ్యి పడిపోయినప్పుడు కూడా నాకు అంత ఏడుపు రాలేదురా.

కాబట్టి విను. రేపు మళ్లీ నా నోరు పెగలకపోతే డాక్టర్లు ఎవరిని అడగాలో కాగితం మీద పెడుతున్నాను. ఉమని. నీకు ప్రేమ లేదని కాదు. నాకు బుర్ర ఉందన్న సంగతి ఆ గాభరాలో కూడా దానికి గుర్తుంది. అలుగుతావా, అలుగు. పేరు మారదు.

మన హంసిక, నానమ్మ అడిగిందని, ఆ ఫారం ప్రింట్ తీసిచ్చింది. నోటరీ ముందు సంతకం పెట్టాలట. బ్యాంకులో నోటరీ ఉంటారట, శనివారం పొద్దున్నకి టైం బుక్ చెయ్యి. ఇద్దరు సాక్షులు కావాలి, చుట్టాలు పనికిరారు, ఎదురింటి దంపతుల్ని నువ్వే వెళ్లి అడుగు. డ్రైవ్ చేసేదీ నువ్వే. నోటరీకి చూపించాల్సిన నా పాస్‌పోర్ట్ పై అల్మరాలో ఎడమవైపు ఉంది, నాకు అందదు, తీసి ఉంచు.

మీ అమ్మ,
వసంతలక్ష్మి